పియానో కింద టార్చి వేసి చూడండి

సంపాదకులకు,

జపాన్‌లో ఇరవై ముప్పయ్యేళ్లు వాడిన గ్రాండ్ పియానోలు ఇప్పుడు మన ఊళ్లకూ వస్తున్నాయి. సంగీత పాఠశాలలు, చర్చిలు, పిల్లలకు పాశ్చాత్య సంగీతం నేర్పిస్తున్న కుటుంబాలు లక్షలు పోసి కొంటున్నాయి. కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కడ చూసినా ఒకటే: ఏ కంపెనీ, ఎన్నేళ్లది, పాలిష్ పోయిందా, మీటలు పసుపెక్కాయా? పత్రికల్లో పియానో మీద వచ్చే వ్యాసాలు కూడా దాదాపు అక్కడితోనే ఆగిపోతాయి. నాదాన్ని తేల్చేది వీటిలో ఏదీ కాదు. టార్చి పట్టుకుని పియానో కింద వెల్లకిలా పడుకుంటే దాన్ని తేల్చే భాగం ఎదురుగా కనిపిస్తుంది. లావుపాటి దూలాల పైన లేత గోధుమరంగు చెక్క, దాని వీపున ఏటవాలుగా బిగించిన కర్రలు. ఆ చెక్క సౌండ్‌బోర్డు, ఆ కర్రలు రిబ్బులు. పాఠకులు ఈ రెంటినీ చూడటం నేర్చుకోవాలన్న ఉద్దేశంతోనే ఈ లేఖ.

ముందు ఒక అపోహ సంగతి. సౌండ్‌బోర్డు శబ్దాన్ని పెంచుతుందని చాలామంది అంటారు. అది ఏమీ పెంచదు. మీట నొక్కితే లేచే చిన్న సుత్తి, అంటే హామర్, కొట్టిన దెబ్బకు తీగలోకి ఎంత శక్తి వెళ్లిందో అంతే ఉంటుంది. దానికి చేర్చడానికి బోర్డు దగ్గర సొంత శక్తి లేదు. సన్నటి తీగ ఒంటరిగా ఊగితే గాలిని కోస్తుంది తప్ప నెట్టలేదు. ఆ ఊపును బ్రిడ్జి, అంటే వీణలో గుర్రం చేసే పనే చేసే చెక్క, బోర్డుకు అందిస్తుంది. చదరపు మీటరు అటూ ఇటూ ఉండే బోర్డు గాలిని కదిలిస్తుంది. అంటే బోర్డు చేసేది ఖర్చుపెట్టే పని. నిండు తొట్టికి పెద్ద కుళాయి బిగిస్తే నీళ్లు ధారగా దూకి నిమిషంలో అయిపోతాయి. మరీ సన్నది బిగిస్తే ఎంతసేపైనా కారుతుంది గానీ బిందె నిండదు. బోర్డు మరీ పలచగా, తేలిగ్గా ఉంటే స్వరం టక్కున గట్టిగా పలికి వెంటనే చచ్చిపోతుంది, బాంజో మోగినట్టు. మరీ బిగువుగా, బరువుగా ఉంటే స్వరం నిలుస్తుంది గానీ నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలపాలన్నది బిగువు, బరువు తేల్చే లెక్క. ఆ లెక్కలో సగం రిబ్బులదే.

బోర్డుకు వాడేది స్ప్రూస్. అలాస్కా, బ్రిటిష్ కొలంబియా తీరాల్లో పెరిగే సిట్కా స్ప్రూస్ కావచ్చు, యూరప్ కొండల్లోని స్ప్రూస్ కావచ్చు. ఇటలీ కంపెనీ ఫాజియోలి వాడేది వాల్ ది ఫియెమ్మె లోయ చెట్ల కలప. బరువు చూస్తే ఘనమీటరుకు 400 నుంచి 450 కిలోలే, కానీ చార వెంబడి, అంటే కలప నార సాగే దిక్కున, బిగువు చాలా ఎక్కువ. బరువు తక్కువ, బిగువు ఎక్కువ అనే ఈ జోడీ వల్లే ఇన్నేళ్లుగా మరో కలప దీని చోటికి రాలేకపోయింది. మన బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలో తొలుస్తారు. పియానో బోర్డు అలా కాదు. చెట్టు వయసు వలయాలు చెక్క ముఖానికి నిలువుగా నిలిచేలా కోసిన బద్దీలను పక్కపక్కన అతికి ఒక పలక చేస్తారు. దాని మందం ఒక సెంటీమీటరు లోపే.

ఆ పలకకు ఒక పెద్ద లోపం ఉంది. చార వెంబడి ఎంత బిగువో, చారకు అడ్డంగా అందులో పదో వంతు, ఒక్కోసారి ఇరవయ్యో వంతు మాత్రమే. చార వెంబడి శబ్దం సెకనుకు 5,000 మీటర్లకు పైగా పరుగెడుతుంది, అడ్డంగా అందులో మూడో వంతు వేగం కూడా రాదు. ఒక్క పలకనే బిగిస్తే అది పొడవు దిక్కున మోగి, అడ్డంగా మూగబోతుంది. పైగా తీగల ఒత్తిడికి కుంగిపోతుంది. అందుకే చారకు అడ్డంగా రిబ్బులు వేస్తారు. చార పెద్ద బ్రిడ్జి వెంబడి ఏటవాలుగా సాగితే, రిబ్బులు దాన్ని అడ్డంగా దాటుతాయి. రెండు దిక్కుల బిగువునూ దగ్గరికి తేవడం వాటి మొదటి పని. చిన్న గ్రాండ్‌లో పది పన్నెండు ఉంటాయి, కచేరీ గ్రాండ్‌లో పదిహేను దాటుతాయి.

ఇక రిబ్బు కొలత. వడ్రంగి దూలాన్ని పడుకోబెట్టి కాక నిలబెట్టి ఎందుకు వేస్తాడో, రిబ్బు లెక్క కూడా అదే. వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపు అవుతుంది. ఎత్తు రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు అవుతుంది. 25 మి.మీ. ఎత్తున్న రిబ్బును చిత్రిక పట్టి 22 మి.మీ.కి తెస్తే బరువులో 12 శాతమే పోతుంది, బిగువులో మాత్రం సుమారు 32 శాతం పోతుంది. వెడల్పూ 25 మి.మీ. అయి, అదే 3 మి.మీ. వెడల్పులో తీస్తే రెండూ 12 శాతమే తగ్గుతాయి. అందుకే ఎత్తుగా, సన్నగా ఉన్న రిబ్బులు తక్కువ బరువుతో ఎక్కువ బిగువిస్తాయి. పొట్టిగా, వెడల్పుగా ఉన్నవి బరువు మోపుతాయి గానీ ఆ మేరకు ఆసరా ఇవ్వవు. ధర తగ్గించి చేసిన పియానోల్లో చిన్నవీ పెద్దవీ అన్ని రిబ్బులకూ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు కనిపిస్తుంది. మీటరు పొడవున్న రిబ్బూ, జానెడు పొడవున్న రిబ్బూ ఒకే బరువు మోయవు కదా. టార్చి వెలుగులో ఇది చూడగానే తెలుస్తుంది.

రిబ్బు చివర్లు కూడా చూడాలి. రిమ్, అంటే పియానో చుట్టూ ఉండే వంపు చట్రం, దగ్గరికి వచ్చేసరికి రిబ్బును ఏటవాలుగా చెక్కి, ఐదారు మి.మీ. మందానికి తెచ్చి, రిమ్‌లోని గాడిలో కూర్చోబెడతారు. బోర్డు అంచు కాస్త ఊగాలని ఈ ఏర్పాటు. చివర మొద్దుగా వదిలేస్తే అంచు బిగుసుకుపోయి మంద్రం పలకదు. మరీ ఎక్కువ చెక్కితే అక్కడే చీలిక వస్తుంది. ఈ పనే బోర్డు మందంలోనూ చేయవచ్చు. మధ్యలో సుమారు 9 మి.మీ. ఉన్న బోర్డును అంచుల వైపు క్రమంగా పలచన చేసే పద్ధతికి స్టెయిన్‌వే కంపెనీ ఇంజినీరు పాల్ బిల్‌హూబర్ 1936లో పేటెంటు పొందాడు. దాన్నే డయాఫ్రమ్ బోర్డు అంటారు.

రిబ్బుల మధ్య ఎడం కూడా నాదాన్ని మారుస్తుంది, అదెలాగో చాలామందికి తెలియదు. కింది స్వరాలకు అలలు పొడవు కనుక బోర్డూ రిబ్బులూ కలిసి ఒకే పలకలా ఊగుతాయి. పైకి పోయేకొద్దీ అల పొట్టిదవుతుంది. సుమారు 1,000 హెర్ట్జ్ దాటాక అలలో సగం రెండు రిబ్బుల నడుమ ఎడంలో ఇమిడిపోతుంది. అక్కడి నుంచి బోర్డు ఒక్క పలకలా కాక రిబ్బుల నడుమ ఇరుకు సందుల్లా ప్రవర్తిస్తుంది. ఎడం 12, 13 సెం.మీ. ఉన్న చోట ఒకలా, 8 సెం.మీ. ఉన్న చోట ఇంకోలా మోగుతుంది. తారస్థాయి వైపు రిబ్బులను దగ్గరదగ్గరగా వేయడానికి ఒక కారణం ఇదే.

మీటల వరస నడుమ ఉండే సి (C) స్వరం, అంటే మధ్య సి, పైన రెండో స్థాయి, దాని పైన మరికొన్ని స్వరాలు టెక్నీషియన్లకు తలనొప్పి తెచ్చే చోటు. 523 నుంచి 1,046 హెర్ట్జ్, దానికి కొంచెం పైన. పాటలో రాగం పలికేది ఎక్కువగా ఇక్కడే కనుక లోపం దాగదు. తీగ పొట్టిది, దానిలో నిలవ ఉండే శక్తి తక్కువ. బోర్డు ఇక్కడ బిగువు చాలకపోతే ఆ కొద్ది శక్తినీ ఒక్క గుక్కలో తాగేస్తుంది. స్వరం మొదట కర్ర మీద కొట్టిన చప్పుడుతో మొదలై, పాడకుండానే ఆగిపోతుంది. కమాను, అంటే బోర్డుకు ఉండే పైకి ఉబ్బిన వంపు, తగ్గిన పాత పియానోల్లో ముందుగా దెబ్బతినేది ఇదే. దీన్ని హామర్ తప్పనుకుని, గట్టిపడేందుకు హామర్‌కు లక్క పోసి పోసి చివరికి కీచుమనేలా చేసిన పియానోలు కోకొల్లలు. అసలు మందు ఆ భాగంలో రిబ్బు ఎత్తు పెంచడం, రెండు రిబ్బుల మధ్య చిన్న రిబ్బు చేర్చడం, లేదా బ్రిడ్జికి కింద నుంచి చిన్న ఇత్తడి బరువు బిగించి బోర్డు కదలికను కాస్త నెమ్మదించడం. బరువు ఎక్కువైతే శబ్దం తగ్గుతుంది కనుక ముందు జిగురు లేకుండా మైనంతో అంటించి, విని, ఆ తర్వాతే బిగించాలి.

మంద్రం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఐదడుగుల గ్రాండ్‌లో మంద్రం బ్రిడ్జి రిమ్‌కు మరీ దగ్గర పడుతుంది. అక్కడ బోర్డు సహజంగానే బిగువు కనుక ఎంత కొట్టినా గంభీరత రాదు. బ్రిడ్జిని లోపలికి జరిపి అడ్డపలక మీద నిలబెడతారు, రిబ్బు చివర్లు ఇంకా పలచన చేస్తారు, కొందరు ఆ మూల బోర్డును రిమ్‌కు అతక్కుండా వదిలేస్తారు. అయినా పొట్టి పియానో పొట్టిదే. ఆ ధరకు మంచి నిలువు పియానో వస్తే అదే తీసుకోమంటాను.

ఇక కమాను. బోర్డు బల్లపరుపుగా ఉండదు, పైకి కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఉబ్బు కొలతగా సుమారు 18 మీటర్ల వ్యాసార్ధం తీసుకోవడం మామూలు. ఆ లెక్కన 120 సెం.మీ. రిబ్బుకు మధ్యలో ఎత్తు 10 మి.మీ. వస్తుంది, 60 సెం.మీ. రిబ్బుకు సగం రాదు, నాలుగో వంతే, రెండున్నర మి.మీ. దీని మీద తీగల ఒత్తిడి పడుతుంది. సుమారు 230 తీగల లాగు కలిపి 20 టన్నుల దాకా ఉంటుంది. తీగ బ్రిడ్జి మీదికెక్కి దిగేటప్పుడు ఒక్క డిగ్రీ వంపు తిరిగినా 350 కిలోల బరువు కిందికి నొక్కినట్టే. వంపు మరీ ఎక్కువైతే బోర్డు కుంగి బిగుసుకుంటుంది, వంపు చాలకపోతే తీగ బ్రిడ్జిని సరిగా పట్టుకోక స్వరం పలచబడి గరగరలాడుతుంది.

ఆ కమాను తెచ్చే దారులు రెండు, మన తీరప్రాంతం వాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇదే. మొదటి పద్ధతిలో బోర్డును వేడి గదిలో 4, 5 శాతం తేమకు ఎండబెట్టి, తిన్నటి రిబ్బులకు అతుకుతారు. బయటికి తెచ్చాక బోర్డు తేమ పీల్చి అడ్డంగా ఉబ్బాలనుకుంటుంది. వీపున ఉన్న రిబ్బులు ఉబ్బనివ్వవు, దాంతో మొత్తం పైకి వంగుతుంది. అంటే కమానును నిలబెట్టేది బోర్డులోని నొక్కుడే. రిబ్బులు దానికి ఎదురు లాగుతుంటాయి. రెండో పద్ధతిలో రిబ్బునే విల్లులా కోసి, ఆరు శాతం అటూ ఇటూ తేమ ఉన్న బోర్డును దాని మీద నొక్కి అతుకుతారు. ఇక్కడ బరువు మోసేది రిబ్బు, అందుకే దాని ఎత్తు ఎక్కువ ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చేసేవాళ్లూ ఉన్నారు. మొదటి పద్ధతిలో చేసిన ఎన్నో పాత పియానోలు అద్భుతంగా పాడతాయి. కానీ అవి పాడేది వాతావరణం అనుకూలించిన చోట.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో తేమ 80 శాతం చేరడం కొత్తేమీ కాదు. ఆ గాలిలో కొద్దివారాలు ఉంచిన కలపలో తేమ 16 శాతానికి చేరుతుంది. ఒక్క శాతం తేమ పెరిగితే సిట్కా స్ప్రూస్ అడ్డంగా 0.15 శాతం పెరుగుతుంది. అంటే 5 శాతం తేమతో అతికిన మీటరు వెడల్పు బోర్డు, అడ్డు లేకపోతే 16 మి.మీ. సాగాలి. రిబ్బులు సాగనివ్వవు. కొంత కమానుగా లేస్తుంది, మిగతాది కలప తనలో తానే నలిగి సర్దుకుంటుంది. అడ్డంగా ఒక శాతం దాకా నలిగితే స్ప్రూస్ నారలు మళ్లీ లేవవు. అప్పుడు గదిలో ఏసీ రాత్రింబవళ్లు నడిపి తేమను 40 శాతానికి దింపారనుకోండి. బోర్డు ఎండి ముడుచుకుంటుంది, కానీ నలిగిన చెక్క కనుక ఇప్పుడు దాని వెడల్పు మొదటికన్నా తక్కువ. రిబ్బులు అంత ముడుచుకోనివ్వవు. చెక్క పగులుతుంది. చాలామంది పగులు ఎండ వల్ల వచ్చిందనుకుంటారు; అసలు దెబ్బ వానాకాలంలో పడింది, ఎండాకాలంలో బయటపడింది, అంతే. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం 25 శాతానికి పడిపోయి ఆగస్టు తెల్లవారుజామున 85 దాటే గాలి కూడా ఇదే పని చేస్తుంది, ఏటా ఒకసారి.

శృతి ఏడాది పొడవునా నిలవకపోవడానికీ మూలం ఇదే. వానల్లో బోర్డు ఉబ్బి బ్రిడ్జిని పైకెత్తుతుంది, తీగలు బిగుస్తాయి, మధ్యస్థాయి స్వరాలు 20 సెంట్ల (సెంటు అంటే అర్ధస్వరంలో వందో వంతు) దాకా పెరుగుతాయి. 440 హెర్ట్జ్‌కు పెట్టిన 'ఏ' (A) స్వరం 445కు చేరినట్టు. ట్యూనర్‌ను తప్పుబట్టి లాభం లేదు.

ఇంతకీ పగులు చూసి పియానో వద్దనుకోవాలా? అక్కర్లేదు. పగులుకు రెండు వైపులా రిబ్బులు గట్టిగా అంటుకుని ఉంటే నాదంలో తేడా చెవికి తెలియదు. పగులు లేకపోయినా రిబ్బు ఊడితే మాత్రం ప్రమాదం. ఒక్క రిబ్బు నాలుగంగుళాలు ఊడినా ఏదో ఒక స్వరం దగ్గర ఈగ ముసిరినట్టు గుయ్యిమంటుంది, ఆ చోట బోర్డు బిగువు పడిపోతుంది. అమ్మేవాళ్లు పగులును పుట్టీతో పూడ్చి వార్నిష్ కొడతారు; రిబ్బును ఎవరూ చూడరు.

చూసే పద్ధతి కష్టమేం కాదు. పలుచటి విజిటింగ్ కార్డును రిబ్బుకూ బోర్డుకూ నడుమ అతుకు వెంబడి నడిపించాలి. ఎక్కడైనా లోపలికి దూరితే అక్కడ జిగురు వదిలినట్టే. వేలి కణుపుతో రిబ్బు మీద వరసగా కొట్టి వినాలి, వదిలిన చోట బోలు చప్పుడొస్తుంది. తర్వాత అతి పొడవైన రిబ్బు పక్కన, బోర్డు కింది ముఖానికి ఆనించి, రెండు అంచుల మధ్య దారం బిగించి పట్టాలి. మధ్యలో దారానికీ చెక్కకూ ఎడం ఎంతుందో చూడాలి. తీగలు బిగించి ఉండగా రెండు మూడు మి.మీ. ఉంటే సంతోషం. దారం అంతా చెక్కకు అంటుకుందంటే కమాను పోయింది. అంత మాత్రాన కొట్టేయకుండా, చెవితో పరీక్షించాలి. ఇందాక చెప్పిన రెండో స్థాయిలో ఒక మీటను హామర్ తగలకుండా నెమ్మదిగా నొక్కి పట్టుకుని, ఒక్క తీగను గోటితో మీటి, ఎన్ని సెకన్లు వినిపిస్తుందో లెక్కపెట్టాలి. వరసగా పది పన్నెండు స్వరాలు ఇలా చూడాలి. పైకి పోయేకొద్దీ మెల్లగా తగ్గడం సహజం. ఒకచోట ఒక్కసారిగా పడిపోతే అది బోర్డు జబ్బు. గోటితో మీటితే నిలిచి, మీటతో కొడితే నిలవకపోతే అది హామర్ జబ్బు, దానికి ఖర్చు తక్కువ.

ఊడిన రిబ్బును అతకడానికి ముందు పాత జిగురును సన్నటి బ్లేడుతో గీకి తీయాలి. సిరంజితో జిగురు ఎక్కించి, బోర్డు పైన కొయ్య బొత్తాం, కింద నుంచి స్క్రూ పెట్టి దగ్గరికి లాగి రాత్రంతా వదిలేయాలి. పగులు పూడ్చాలంటే ఎండాకాలంలోనే పూడ్చాలి, అప్పుడే అది పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. దాన్ని ఆంగ్లాక్షరం వి ఆకారంలో చెక్కి, అదే చారలున్న స్ప్రూస్ పుల్లను దిగేసి అతకాలి. వానాకాలంలో మూసుకున్న పగులు మీద పని చేయడం డబ్బు దండగ. బోర్డు మొత్తం కమాను పోయి రెండో స్థాయి చచ్చిపోతే పుల్లలతో పని కాదు, కొత్త బోర్డే వేయాలి. కొందరు పాత రిబ్బులనే కొత్త బోర్డుకు అతికిస్తారు. లోపం రిబ్బు కొలతల్లోనే ఉంటే కొత్త బోర్డు కూడా అదే పాట పాడుతుంది.

తేమ విషయంలో అంకె కన్నా నిలకడ ముఖ్యం. 50, 55 శాతం దగ్గర ఏడాదంతా ఉంటే చాలు. పగలు ఏసీ, రాత్రి కిటికీలు బార్లా తెరవడం కన్నా అసలు ఏసీ లేకపోవడమే నయం. తేమ పోవాలని పియానోలో బల్బు వెలిగించే అలవాటు చాలాచోట్ల ఉంది. హద్దు కొలిచి ఆపే పరికరం లేకుండా ఆ వేడి, బోర్డును ఒకచోట ఎండబెట్టి ఇంకోచోట తడిగా వదిలేస్తుంది. వేడి కడ్డీ పెట్టినా తేమ కొలిచే స్విచ్‌తోనే పెట్టాలి. సముద్రం పక్కన ఉండి, తేమను అదుపు చేయడం కుదరని పాఠశాలలకు పొరలుగా అతికిన బోర్డున్న పియానో నిజాయతీ గల ఎంపిక. నాదంలో ఒక మెట్టు తగ్గుతుంది, కానీ పగలదు.

టెండర్లు పిలిచి కొనే సంస్థలకు ఒక మనవి. మీ షరతుల్లో కంపెనీ, పొడవు, రంగు, బెంచీ మాత్రమే రాస్తున్నారు. బోర్డు ఒకే పొరా, ఒకదాని మీద ఒకటి అతికిన పొరలా, రిబ్బులను విల్లులా కోశారా తిన్నగా అతికారా, దించిన మూడు నెలల తర్వాత దారంతో కొలిస్తే కమాను ఎంత ఉండాలి, ఈ మూడూ కూడా రాయించండి. ఇంట్లో కొనేవాళ్లు పియానో కన్నా ముందు ఐదారు వందలు పెట్టి ఒక తేమ మీటరు కొనండి. దాన్ని బయటి గోడకు కాకుండా పియానో పెట్టబోయే చోట, నేలకు రెండడుగుల ఎత్తున ఉంచి, ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి అంకె రాసిపెట్టండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక ఆ కాగితాన్ని టెక్నీషియన్‌కు చూపించండి.

ఇట్లు,
ఒక పియానో టెక్నీషియన్,
విశాఖపట్నం